పొలం కాగితాలు బీరువాలోనే ఉండనీ

చిరంజీవి మేనల్లుడికి కడప నుంచి మామ ఆశీస్సులు.

సైటుకు ఏ సామాను ఎప్పుడొచ్చింది, ఎంతొచ్చింది, ఎక్కడ దించారు అన్నది ఫోన్‌లోనే తెలిసేలా ఒక యాప్ చేస్తున్నావని అక్క చెప్పింది. సంతోషం వేసింది. దానికోసం పొలం తాకట్టు పెడదామన్నావని కూడా చెప్పింది. ఆ మాటకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లుగా కాంట్రాక్టు పనులు చేస్తున్నవాడిగా నాకు తెలిసింది రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ఎర్రగుంట్ల దగ్గర ఒక గోదాము కట్టాను. స్లాబు రోజు పొద్దున ఆరింటికే నలభై మంది కూలీలు, బేల్దార్లు, మిక్సరు, వైబ్రేటరు అంతా సిద్ధం. సిమెంటు ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఊరు, సిమెంటుకు కొదవ లేదు. కంకర టిప్పర్లే రాలేదు. డ్రైవర్లు మధ్యలో ఇంకో సైటుకు మళ్లారు. మొదటి టిప్పరు వచ్చేసరికి పదకొండు దాటింది. చీకటి పడేలోగా సగం స్లాబే పోయగలిగాం. మిగతా సగం మర్నాడు పోశాం, రెండింటి మధ్య అతుకు పడింది. మూడు వానాకాలాలు ఆ అతుకులోంచి నీళ్లు కారాయి. యజమాని నా బిల్లులో పట్టుకున్న డబ్బు మళ్లీ చేతికి రాలేదు. ఆ రోజు నేను మొత్తం ఎంత పోగొట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. కూలి లెక్క రాసుకున్నాను, మిగతాది రాయలేదు.

డబ్బు పెట్టేవాళ్లు నిన్ను ముందు అడిగేది ఆ లెక్కే. నీ యాప్ వల్ల ఒక సైటులో ఎంత మిగులుతుంది? అది తెలియాలంటే ఒక నెల గేటు దగ్గర నోటు పుస్తకంతో కూర్చో. టిప్పరు ఎంతసేపు నిలబడిందో, కమ్మీలు ఒకచోట దించి మళ్లీ ఎన్నిసార్లు మోశారో, రెడీమిక్స్ కాంక్రీటు బండి ప్లాంటులో లోడైన ఎంతసేపటికి ఖాళీ అయిందో రాయి. ఆ బండికి రెండు గంటలే గడువు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక్కడ ఇంజనీరుకు టెన్షన్ మొదలవుతుంది. సిమెంటు బస్తా మూడు నెలలు దాటితే మళ్లీ పరీక్ష చేయించాలి. అందుకే పాత బస్తా ముందు వాడేలా నీ యాప్ గుర్తు చేయాలి.

ఇసుక సంగతి ఇంకా ముఖ్యం. కొంచెం తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది, కొలతలో పావు వంతు దాకా ఎక్కువ కనిపిస్తుంది. ఆరాక తగ్గుతుంది. ఇది తెలియక స్టోర్ చూసే పిల్లవాణ్ని దొంగ అన్నవాళ్లను నేను చూశాను. వాడు ఏడ్చుకుంటూ పని మానేశాడు. ఇసుక వచ్చినప్పుడు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది కూడా నీ యాప్‌లో నమోదు కావాలి. ఆ నమోదు చేసేది ఇంజనీరు కాదు, వాచ్‌మన్. అన్నీ తెలుగులో ఉండాలి, ఫొటో తీస్తే చాలనిపించాలి. ఓర్వకల్లు వైపు గుట్టల్లో పనిచేసేటప్పుడు సిగ్నల్ లేకున్నా ఆగకూడదు.

ఇక డబ్బు. మొదటి రూపాయి కాంట్రాక్టరు దగ్గరే తీసుకో. ఫ్రీగా ఇచ్చావంటే వాడు వారం వాడి పక్కన పెడతాడు. నెలకు కొంత కడితే, పనిచేయని రోజు ఫోన్ చేసి తిడతాడు. ఆ తిట్లు నీకు అవసరం. ఇద్దరు ముగ్గురు డబ్బు కట్టి వాడుతున్నారని బిల్లులు చూపిస్తే, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లినా నీ మాటకు బరువుంటుంది.

ఆ తర్వాత కంపెనీ రిజిస్టర్ చేసి, కేంద్ర ప్రభుత్వం కొత్త కంపెనీలకు ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు తెచ్చుకో. 2021లో మొదలైన సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పు రూపంలోనో, తర్వాత వాటాగా మారే పద్ధతిలోనో పెట్టారు. ఇంక్యుబేటర్ల ద్వారా, అంటే కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థల ద్వారా, పని సాగినకొద్దీ విడతలుగా ఇస్తారు. దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదన్నది నిబంధన. అందుకని తొందరపడి ఇప్పుడే రిజిస్టర్ చేసి కూర్చోకు. దరఖాస్తు రాసే ముందు ఇంక్యుబేటర్‌కు ఫోన్ చేసి, ఇప్పుడు తీసుకుంటున్నారా, ఇవ్వడానికి నిధులున్నాయా అని అడుగు. మీ అనంతపురంలోనే కొత్త కంపెనీలకు సాయం చేసే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ ఉంది, ముందు అక్కడికి వెళ్లి నీ నోటు పుస్తకం చూపించు.

అప్పు తప్పదంటే చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్ర పథకంలో 10 లక్షల దాకా అడగొచ్చు. అంతకు మించి కావాలంటే చిన్న వ్యాపారాల అప్పుకు బ్యాంకుకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ అనే ట్రస్టు గ్యారంటీ కింద బ్యాంకును అడుగు. ఆ పద్ధతిలో ఆస్తి తాకట్టు లేకుండానే ఇస్తారు. మేనేజరు పొలం కాగితాలు తెమ్మంటే ఈ పేరు గట్టిగా చెప్పు. గ్యారంటీ బ్యాంకు ధైర్యం కోసమే నాయనా, కట్టాల్సింది మాత్రం నువ్వే.

నన్ను ముంచింది బిల్లు ఆలస్యం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మిషన్ కొంటే, బిల్లు ఎనిమిది నెలలకు వచ్చింది. మీ అత్త గాజులు అప్పుడే పోయాయి. నువ్వు కంపెనీ పెట్టిన మొదటి రోజే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు, అది చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా నీ బిల్లు 45 రోజులు మించి ఆపకూడదు, ఒప్పందం లేకుంటే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడిగే హక్కుంది. చిన్న కాంట్రాక్టరు మీద ఆ హక్కు వాడితే పని పోతుంది, అది నిజమే. అందుకే వాళ్ల దగ్గర నెల ముందే డబ్బు తీసుకో. పెద్ద కంపెనీల బిల్లులైతే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో పెట్టి గడువుకు ముందే తీసుకోవచ్చు, కొంత కోత పడుతుంది.

వాటా ఇచ్చి డబ్బు తీసుకునే మాట ఇప్పుడే వద్దు. ఒక్క సైటు లెక్క కూడా లేకుండా కూర్చుంటే సగం కంపెనీ అడుగుతారు, నువ్వు ఒప్పుకుంటావు.

వచ్చే సోమవారం చెన్నూరు రోడ్డులో మా అపార్టుమెంటు రెండో స్లాబు. ఆదివారం రాత్రికే ఇంటికి వచ్చేయ్. పొద్దున ఐదింటికి గేటు దగ్గర నీకు కుర్చీ వేయిస్తా. ఆ నెల లెక్క తీశాక యాప్ మా సైటులోనే పెట్టు, నెలకు మూడు వేలు ఇస్తాను. మామ కదా అని వద్దనకు, బిల్లు రాసి తీసుకో.

ఇట్లు,
నీ మామ