లాక్‌డౌన్ కబుర్లకు కారణం ఖాళీ అంటే నేను ఒప్పుకోను

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో మీ ఇంట్లో రోజులు ఎలా గడిచాయి? అప్పుడు ఇరుగుపొరుగుతో అంతలా కలిసిపోయినవాళ్లం ఇప్పుడు లిఫ్టులో కూడా ఎందుకు పలకరించుకోవడం లేదు?

ఇక్కడ వచ్చిన జవాబులన్నీ చదివాకే రాస్తున్నాను. అందరిదీ ఒకటే పాట. అప్పుడు ఖాళీ ఉంది, ఇప్పుడు లేదు అంటున్నారు. ఎవరికండీ ఖాళీ? మా ఇంట్లో అయితే ఎవరికీ లేదు. పనమ్మాయి రావడం ఆగిపోయింది. నా ఆఫీసు డైనింగ్ టేబుల్ మీదికి వచ్చేసింది. మా ఆయన ఆఫీసు బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంది. కొన్నాళ్లకు పిల్లాడి క్లాసులు కూడా మొదలై నా ఫోను వాడి చేతికి పోయింది. మా అత్తగారు టీవీలో ఏ రాష్ట్రంలో ఎన్ని కేసులో వింటూ, బ్రేక్ వచ్చినప్పుడల్లా నాకు చెప్పేవారు. జీవితంలో అంత తీరిక లేకుండా నేనెప్పుడూ బతకలేదు.

ఖాళీ దొరికింది కొందరు మగాళ్లకే. అందులోనూ రెండు గిన్నెలు తోమి నాలుగు ఫోటోలు పెట్టినవాళ్లకి. మా గ్రూపులో ఒకాయన సింకు ముందు ఏప్రన్ కట్టుకుని సెల్ఫీ పెడితే చప్పట్ల బొమ్మలు వర్షంలా కురిశాయి. ఆ వెనకాల గ్యాస్ గట్టు తుడుస్తున్న వాళ్లావిడ సగం కనిపిస్తోంది. ఆవిడకి ఒక్క చప్పట్లూ పడలేదు. సరే, అది వేరే కథ.

నా అభిప్రాయం ఏమిటంటే, మనం అప్పుడు మాట్లాడుకున్నది ఒకరినొకరు ఏదో ఒకటి అడగాల్సి వచ్చింది కాబట్టి. బయట దొరకదు, తెప్పించుకునే వీలు లేదు. పక్కింటి తలుపు కొట్టడమే దారి. అడిగినవాళ్లు అడిగి ఊరుకోరు కదా, గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెప్తారు. కబుర్లు పుట్టేది అక్కడే.

మొదటి రోజు నుంచే చూడండి. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్ అని ప్రకటించారు. తెల్లారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. మన రెండు రాష్ట్రాల్లో అంతకు ముందే బంద్ మొదలైపోయింది కాబట్టి చాలామంది పండక్కి ఏమీ తెచ్చుకోలేదు. మా ఫ్లోర్‌లో ఒకరింట్లో మామిడికాయలున్నాయి, వేపపువ్వు లేదు. మా ఇంట్లో కొత్త చింతపండు ఉంది, బెల్లం లేదు. ఆ పొద్దున్న మా ఫ్లోర్‌లో ఏ తలుపూ మూసి లేదు. మూతికి చున్నీలు, రుమాళ్లు కట్టుకుని గిన్నెలు చాపడం, దూరంగా జరగడం, మళ్లీ చాపడం. చాలా ఏళ్లుగా ఎదురింట్లో ఉంటున్న ఆవిడ ఊరేదో నాకు ఆ రోజే తెలిసింది.

అసలు నేను చెప్పాలనుకున్నది మాత్రం ఏప్రిల్ 5 సంగతి. మీకూ గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 3 శుక్రవారం పొద్దున్న ప్రధాని ఒక వీడియోలో ఆదివారం రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, గుమ్మం దగ్గరో బాల్కనీలోనో దీపాలు, కొవ్వొత్తులు, టార్చిలు వెలిగించమన్నారు. సాయంత్రానికల్లా మా అపార్ట్‌మెంట్ గ్రూపు రెండు పార్టీలైంది. రాజకీయం అనుకుంటున్నారేమో, గొడవంతా కరెంటు గురించి. దేశమంతా ఒకేసారి లైట్లు ఆర్పితే గ్రిడ్, అంటే ఊరూరికీ కరెంటు మోసే లైన్ల వల, కుప్పకూలుతుందని ఒక ఫార్వర్డ్. మళ్లీ ఒకేసారి వేస్తే వోల్టేజీ ఎగదన్ని టీవీలు కాలిపోతాయని ఇంకొకటి. ముందే మెయిన్ ఆపేసి పెట్టుకోండి, ఫ్రిజ్ ప్లగ్ పీకేయండి అని మూడోది, అది కూడా ఎర్ర అక్షరాల్లో. ఫ్రిజ్ నిండా పాలు, కూరలు కుక్కుకున్న రోజులవి. అందరికీ టెన్షన్.

ఫార్వర్డులు చదివి వినిపిస్తుంటే మా అత్తగారికి విసుగొచ్చింది. "పైన కరెంటాయన ఉన్నాడు కదా, ఆయన్ని అడక్కుండా ఈ ఫోన్లలో కొట్టుకుంటారేంటి?" అన్నారు.

మూడో ఫ్లోర్‌లో ఉండే అంకుల్ సబ్‌స్టేషన్లలో పనిచేసి ఏడీఈగా, అంటే కరెంటు శాఖ ఇంజినీరుగా, రిటైరయ్యారు. ఆ సంగతి అందరికీ తెలుసు, కానీ ఎవరికీ పట్టలేదు. ఆయన బైకు పార్కింగ్ గీతల మీద గొడవపడే మనిషిగానే మాకు పరిచయం. పైకి వెళ్లి, మెట్ల మీదే నిలబడి అడిగాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఒక్కొక్కరికీ చెప్పడం నా వల్ల కాదమ్మా, రేపు సాయంత్రం అందర్నీ మేడ మీదికి రమ్మను, దూరందూరంగా నిలబడమను" అన్నారు. చొక్కా ఇస్త్రీ చేయించుకునే దారి లేని ఆ రోజుల్లో, శనివారం సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. వాళ్లావిడ తర్వాత చెప్పింది, ఇస్త్రీపెట్టె కోసం అటక మీద వెతికారట.

వాటర్ ట్యాంకు పక్కన నిలబడి ఆయన చెప్పింది నాకు గుర్తున్నంత వరకు ఇది. మనం వాడే కరెంటు దాచిపెట్టుకున్నది కాదు, ఆ క్షణానికి తయారైనది. ఎంత వాడుతున్నారో అంతే తయారవ్వాలి. రెండూ సమంగా ఉంటే గ్రిడ్ 50 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అంటే కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది, దాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. వాడకం, వాళ్ల భాషలో లోడు, ఒక్కసారిగా తగ్గితే ఆ అంకె పైకి పోతుంది, పెరిగితే కిందికి దిగుతుంది. మరీ అటూ ఇటూ అయితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. బొగ్గుతో నడిచే యూనిట్‌ని అప్పటికప్పుడు తగ్గించలేం. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి చోట టర్బైన్లకి నీళ్లు తగ్గిస్తే నిమిషాల్లో దిగుతుంది, వదిలితే మళ్లీ నిమిషాల్లో లేస్తుంది. కాబట్టి రేపు రాత్రి పనంతా నీళ్లదే.

"ముందే చెప్పి ఆర్పే లోడుతో భయం లేదు. చెప్పకుండా పోయే లోడుతోనే మేము చచ్చేవాళ్లం" అన్నారు.

రెండో ఫ్లోర్‌లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఊరుకోడు కదా. "2012లో కూలిపోయింది కదా అంకుల్?" అన్నాడు. దానికి ఆయన మొహం వెలిగిపోయింది. 2012 జూలై 30న ఒకసారి, 31న మళ్లీ ఒకసారి ఉత్తరాది చీకటైపోయింది, రెండోసారి తూర్పు, ఈశాన్య రాష్ట్రాలు కూడా కలిశాయి. మనకేమీ కాలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వాళ్లతో ఒకే ఫ్రీక్వెన్సీలో నడిచేది కాదు, 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైను వేశాకే దేశమంతా ఒక గ్రిడ్ అయింది, అని పాఠం చెప్పారు.

"అంటే ఇప్పుడు ఎక్కడ పడిపోయినా మనదీ పోతుందన్నమాట!" అంది ఎదురింటావిడ.

ధైర్యం చెప్పడానికి పిలిచిన సభలో ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. అంకుల్ ఒక్క నిమిషం తటపటాయించి, గొంతు పెంచారు. "ఏమీ పడదు. లైట్లు మాత్రమే ఆర్పండి. ఫ్యాన్లు తిరగనివ్వండి, ఫ్రిజ్ జోలికి పోకండి, మెయిన్ స్విచ్ ముట్టుకుంటే నేను ఊరుకోను." విద్యుత్ శాఖ కూడా అదే చెప్పింది, లైట్లు తప్ప వేరేవి ఆపక్కర్లేదని, వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయని. కానీ మాకు ఆ ప్రకటన కంటే ఇస్త్రీ చొక్కా మీదే నమ్మకం కుదిరింది.

సభ అక్కడితో అయిపోలేదు. ఒకావిడ తన గీజరు మాటిమాటికీ ట్రిప్ అవుతోందంది. ఇంకొకాయన ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లెప్పుడు పోయాలన్నాడు. చీకటి పడేదాకా ప్రశ్నలే. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏమీ అడిగి ఉండరు. అందరికీ ఓపిగ్గా చెప్పారు.

ఆదివారం రాత్రికి మళ్లీ అప్పులు. కార్తీక మాసంలో వాడిన ప్రమిదలు కొందరి దగ్గరే ఉన్నాయి, ఒత్తులు ఇంకొకరి దగ్గర. శానిటైజర్ రాసుకున్న చేతులతో అగ్గిపుల్ల గీయొద్దని టీవీలో హెచ్చరికలు వస్తున్నాయి, అందుకని అందరం సబ్బుతో చేతులు కడుక్కుని మేడెక్కాం. 9 కొట్టగానే చుట్టూ ఉన్న బిల్డింగులన్నీ టపటపా ఆరిపోయాయి. అందరూ దీపాల వైపు చూస్తుంటే అంకుల్ మాత్రం మెట్ల గదిలో ప్లగ్గు దగ్గర చతికిలబడి, ఒక మల్టీమీటర్ పెట్టుకుని చూస్తున్నారు. "యాభై దాటింది... పర్లేదు, పర్లేదు... దిగుతోంది" అని ఆయన లోపలి నుంచి చెప్తుంటే మేం బయట క్రికెట్ కామెంటరీలా విన్నాం. పక్క వీధిలో ఎవరో టపాసులు కాల్చారు. "దీపావళి అనుకున్నారు కాబోలు" అని మా అత్తగారు గట్టిగానే అన్నారు.

మర్నాడు వార్త రాగానే ఆయన దాన్ని గ్రూపులో పెట్టారు. అధికారులు వాడకం 12–13 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్కేస్తే నిజంగా తగ్గింది 31 వేలకు పైనే. అయినా గ్రిడ్ నిలబడింది, ఎక్కువ బరువు మోసింది జల విద్యుత్తే. కింద ఆయన రాసింది ఒకే ముక్క: "నీళ్లు." ఆ రోజు నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఆయన పేరు గ్రిడ్ అంకుల్. మీటర్ రీడింగులు ఆగి, తర్వాత నెలలన్నీ కలిపి బిల్లులు వచ్చి అందరి గుండెలు జారినప్పుడు, స్లాబుల లెక్క వేసి ఎవరిది సరిగ్గా ఉందో ఎవరిది లేదో చెప్పింది కూడా ఆయనే. పొద్దున్నే ఆయన గుమ్మం ముందు బిల్లులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం.

అంతా పండగలా సాగిందని చెప్పడం లేదు. మేడ మీద కబుర్లు చెప్పుకునే అదృష్టం ఇల్లూ జీతమూ ఉన్నవాళ్లకే. మా వాచ్‌మన్ తమ్ముడు వేరే రాష్ట్రంలో పని పోయి, మే ఎండల్లో సగం దూరం లారీల మీద, సగం నడిచి ఊరు చేరాడు. ఆ కబురు వచ్చేదాకా వాచ్‌మన్ భార్య గేటు దగ్గర నుంచి కదల్లేదు.

"మరి 2021లో కూడా అడిగాంగా, అప్పుడెందుకు కబుర్లు లేవు?" అని కామెంట్లలో ఎవరో ఒకరు పట్టుకుంటారు, నాకు తెలుసు. నిజమే. ఆ మేలో అదే గ్రూపులో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, బెడ్ దొరుకుతుందా అనే మెసేజ్‌లే. ఎవరూ మేడెక్కలేదు. దాన్ని ఈ లెక్కలో వేయకండి. భయంతో అడగడం వేరు, కరివేపాకు అడగడం వేరు.

ఇప్పుడు సంగతి. పదినిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక కరివేపాకు రెబ్బ కూడా పక్కింట్లో అడగడం నామోషీ అయిపోయింది. మొన్న ఎదురింటికి వెళ్లి తలనొప్పి మాత్ర ఉందా అంటే, ఆవిడ మాత్ర ఇచ్చి, "ఆర్డర్ పెట్టుకోకపోయారా, ఇట్టే వచ్చేస్తుంది" అంది. చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నాకు సాయం చేస్తున్నాననే అనుకుంది. గీజరు ట్రిప్ అయితే యూట్యూబ్ చూస్తున్నారు. గ్రిడ్ అంకుల్ మళ్లీ పార్కింగ్ గీతల దగ్గరికే వెళ్లిపోయారు. అసోసియేషన్ వాళ్లు ఏటా గెట్ టుగెదర్ అని పెడతారు, ఆ స్పీకర్ల హోరులో పక్కనున్నవాళ్లు ఏమన్నారో వినపడదు. ప్లేట్లు పట్టుకుని తలలూపుకుని వచ్చేస్తాం.

పోయిన మీటింగ్‌లో కొత్త తీర్మానం ఒకటి వచ్చింది. అందరం తలా కొంత వేసుకుని అసోసియేషన్ తరఫున ఒక నిచ్చెన, ఒక డ్రిల్లింగ్ మెషీన్ కొని సెల్లార్‌లో పెడితే, ఎవరూ ఎవర్నీ అడిగి ఇబ్బంది పెట్టక్కర్లేదట. ఇప్పటిదాకా నిచ్చెన రెండో ఫ్లోర్‌లో ఒక్కరికే ఉంది, డ్రిల్లింగ్ మెషీన్ గ్రిడ్ అంకుల్ దగ్గర. అందరూ చేతులెత్తారు, అంకుల్, నేను తప్ప. కారణం చెప్పమన్నారు. ఆయన డబ్బు దండగ అన్నారు, నేను సెల్లార్‌లో చెమ్మ ఎక్కువ అన్నాను. సెక్రటరీ గారు ఇద్దరు వ్యతిరేకం అని రాసుకుని తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.