హాన్సెల్ వేషం ఎవరికిస్తున్నావు?

చిరంజీవి మాధవికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పిల్లలచేత 'హాన్సెల్ అండ్ గ్రెటెల్' ఒపెరా, అదే, అడవిలో తప్పిపోయి మంత్రగత్తె చేతికి చిక్కిన అన్నాచెల్లెళ్ల సంగీత నాటకం, వేయిస్తున్నావని మీ నాన్న చల్లగా చెప్పి ఫోన్ పెట్టేశాడు. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. అంతమంది పిల్లల్ని పోగేసి స్టేజి ఎక్కించే గుండె మన ఇంట్లో నీకు తప్ప ఎవరికుంది? మురిసిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఇన్నేళ్లు పిల్లల పాటలకి పియానో వాయించిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్క మాట అడగాలని తోచలేదు చూడు నీకు! అడక్కపోయినా చెప్తాను, విను.

డ్రెస్సులు ముందే కుట్టించు, తల్లిదండ్రులకి రిహార్సల్ టైములు రాసివ్వు, హాలు తాళాలు నీ దగ్గరే పెట్టుకో. దీనికి సంగీతం కట్టిన జర్మన్ ఆయన హంపర్‌డింక్ 1921లోనే పోయాడు కాబట్టి అసలు సంగీతానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త అనువాదమో, కొత్తగా కుదించిన స్కోరో (స్వరాలు రాసిన పుస్తకం) వాడితే మాత్రం హక్కుల సంగతి కనుక్కో. ఇవన్నీ నీకు తెలిసినవే.

అసలు సంగతి వేరే. పిల్లల ఒపెరా అన్న పేరు చూసి మోసపోకు. అది మొదలైంది ఇంట్లో ఆటగానే. హంపర్‌డింక్ చెల్లెలు అడెల్‌హైడ్ వెట్టె తన పిల్లలు ఆడుకోవడానికి పాటలు కట్టిపెట్టమని అన్నని అడిగింది. కానీ 1893 డిసెంబరు 23న వైమార్‌లో రిచర్డ్ స్ట్రాస్ కండక్ట్ చేసేనాటికి అది నిండు ఆర్కెస్ట్రా ఒపెరా అయి కూర్చుంది. భారీ ఒపెరాలకి పేరుపడ్డ వాగ్నర్ దగ్గర, ఆయన 'పార్సిఫల్' ఒపెరా సమయంలో, పనిచేసిన చెయ్యి కదా, ఊరుకుంటుందా! హాన్సెల్, గ్రెటెల్ ఇద్దరూ కథలోనే పిల్లలు. ఆ పాత్రలు రాసింది పెద్ద గాయనుల కోసం. హాన్సెల్ మెజో సొప్రానో, అంటే ఆడగొంతుల్లో మధ్యస్థాయి; గ్రెటెల్ సొప్రానో, అంటే పైస్థాయి. నిజంగా పిల్లల గొంతుల కోసం రాసింది చివర్లో వచ్చే జింజర్‌బ్రెడ్ పిల్లల కోరస్, అదే, మంత్రగత్తె అల్లం రొట్టెలుగా మార్చేసిన పిల్లల బృందగానం.

ఇది పట్టించుకోని డైరెక్టర్ దగ్గర నేనొకసారి పనిచేశాను. హాన్సెల్‌గా ఒక అబ్బాయిని తీసుకున్నాడు. ఎంపిక చేసిన రోజున వాడు పాడుతుంటే హాల్లో కుర్చీలు సర్దేవాళ్లు కూడా పని ఆపి నిలబడ్డారు. కొన్ని నెలలు గడిచాయి. వాడు మాట్లాడుతుంటే అడుగున బొంగురు వినిపించడం మొదలైంది. పాట అందుకునే ముందు ప్రతిసారీ చిన్న దగ్గు. పై స్వరాలకి గడ్డం పైకెత్తేవాడు, మెడ నరాలు తేలేవి. గొంతు మారుతోంది, వేరే వాళ్లని సిద్ధం చెయ్యండి అన్నాను. "షో అయ్యేదాకా లాగించేద్దాం, వేణ్ణీళ్లు తాగమనండి" అన్నాడు ఆయన. పియానో చాలదని వాయిద్యాలు కూడా తెచ్చిపెట్టాడు. వాటిని దాటి వినిపించాలని ఆ పిల్లాడు ఇంకా బిగపట్టి పాడేవాడు.

రెండో అంకంలో సాయంప్రార్థన ఉంది కదా. అడవిలో చీకటి పడ్డాక, ఇసుకమనిషి వాళ్ల కళ్లలో నిద్ర చల్లి వెళ్లాక, ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని పద్నాలుగు మంది దేవదూతల్ని తలుచుకుంటారు. మెత్తగా పాడాలి, దాక్కోవడానికి చోటుండదు. అక్కడ వాడి గొంతు రెండుగా చీలింది. హాల్లో ఎవరో నవ్వారు. వాడు నోరు మూసేశాడు, మళ్లీ తెరవలేదు. ఆ గ్రెటెల్ పిల్ల వాడి చెయ్యి పట్టుకుని తన వరుస తను పాడుకుంటూ పోయింది. వాడి వరుస నేను పియానో మీద వాయించాను.

విరామంలో వెతికితే మంత్రగత్తె ఇంటి సెట్టు కోసం చేసిన అట్టపొయ్యి వెనక కూర్చుని గోటితో దాని రంగు గీకుతున్నాడు. "మళ్లీ వస్తుందా ఆంటీ?" అన్నాడు. ఎంత కోపం వచ్చిందనుకున్నావు నాకు! మగపిల్లలందరికీ గొంతు మారుతుందని, అది జబ్బు కాదని, ఇంకో గొంతు వస్తుందని వాడికి ఒక్కరూ చెప్పలేదు. తనే ఏదో పాడుచేసుకున్నానని అనుకుంటున్నాడు.

అందుకే చెప్తున్నాను పిల్లా. ప్రతి పెద్ద పాత్రకీ ఇద్దరిని తయారుచెయ్యి, అంకాలు పంచు. హాన్సెల్‌కి ఆడపిల్లని పెట్టడానికి మొహమాటపడకు, అసలు పద్ధతే అది. శ్రుతి కిందికి దించు, కష్టమైన చోట కత్తిరించు. నీ మొండితనం నాకు తెలుసు, స్కోరులో ఒక్క స్వరం వదలనంటావు. వదులు. పియానో చాలు, దాని మూత కూడా తెరవక్కర్లేదు. గొంతు మారే పిల్లాడుంటే వేరే పని ఇవ్వు గానీ ఇంటికి పంపకు. మంత్రగత్తె వేషం మగవాళ్లూ వేస్తారు. మాటలు ఎక్కువ పెట్టి, పాట తగ్గించి ఆ వేషం ఇస్తే వాడే అందర్నీ నవ్విస్తాడు. ఈ గొంతు మారే సంగతి మొదటి రోజే అందరికీ చెప్పు.

పొగ మిషన్ వద్దే వద్దు, గొంతులు ఎండిపోతాయి. పొయ్యిని మొదటి రిహార్సల్‌లోనే వెనకవైపు నుంచి చూపించు. చిన్నవాళ్లని అందులో దూరి ఆడుకోనీ, భయం పోతుంది. జింజర్‌బ్రెడ్ పిల్లల పని మూడో అంకం చివర్లో. మొదటి గంట నుంచీ మేకప్ వేసి కూర్చోబెట్టావా, కళ్లు మూసుకుని నిలబడే సీనులో నిజంగానే నిద్రపోతారు.

హాన్సెల్, గ్రెటెల్‌ల తల్లిని మాత్రం రాక్షసిని చెయ్యకు. ఒపెరాకి మాటలు రాసిన వెట్టె ఆమెని సవతి తల్లిగా రాయలేదు. ఇంట్లో తినడానికేమీ లేదు, ఉన్న ఒక్క పాలకుండా పగిలింది. ఆ కోపంలో పళ్లు ఏరుకు రమ్మని పిల్లల్ని అడవికి తోలింది, తర్వాత ఏడ్చింది. నీ చిన్నప్పుడు నేను అరిచిన అరుపులు తలుచుకో, ఆ వేషం ఎలా వేయించాలో నీకే తెలుస్తుంది.

రెండో హాన్సెల్ ఎవరో తేల్చాక నాకు ఫోన్ చెయ్యి. పియానోకి మనిషి దొరక్కపోతే నేనున్నాను. ఓవర్చర్, అదే తెర లేవకముందు వచ్చే సంగీతం, మాత్రం నా వేళ్లు సాగినంత వేగంలోనే వస్తుంది, తొందరపెట్టకు.

మీ అత్తయ్య