కారు చప్పుడు తగ్గించడానికి స్టోర్ కార్డు అప్పా? చేతిలో ఉన్నది 32 రోజుల ఖర్చే!

ప్రశ్న: మిషిగన్‌లోని ట్రాయ్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. భార్య ఉద్యోగం చేయడం లేదు, మూడేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చులు నెలకు 3,200 డాలర్లు, హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ మరో 600. సేవింగ్స్‌లో 4,100 ఉన్నాయి. మా సెడాన్‌లో రోడ్డు చప్పుడు బాగా వినిపిస్తోంది. కారు మొత్తానికి సరిపడే సౌండ్ డెడెనింగ్ కిట్, అంటే రేకు లోపల అతికించే చప్పుడు తగ్గించే షీట్లు, 1,200 డాలర్లకు దొరుకుతోంది. ఆ దుకాణం వాళ్లిచ్చే క్రెడిట్ కార్డు (స్టోర్ కార్డు) తీసుకుంటే 12 నెలలు వడ్డీ లేదంటున్నారు. నెలకు 90 కట్టగలను. ఈ జనవరిలోనే గ్యారేజీలో నేనే అతికించుకుందామని ఉంది. కార్డు తీసుకోవచ్చా?

సమాధానం: వద్దండీ. ‘వడ్డీ లేదు’ అన్న మాట చూసి సంతకం పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాను.

నెలకు 90 చొప్పున 12 నెలలకు మీరు కట్టేది 1,080. ఇంకా 120 మిగులుతుంది. ఇలాంటి స్టోర్ కార్డుల్లో చాలావాటికి ‘డిఫర్డ్ ఇంట్రెస్ట్’ నిబంధన ఉంటుంది. గడువు నాటికి ఒక్క డాలరు బాకీ ఉన్నా సరే, కొన్న రోజు నుంచి లెక్కగట్టి పక్కన పెట్టిన వడ్డీ మొత్తం బిల్లులో వచ్చి పడుతుంది. ఏడాదికి 30 శాతం వడ్డీ అనుకుంటే మీకు పడేది 210 డాలర్ల పైనే. బాకీ 120, దాని మీద వడ్డీ 210! దీన్ని వడ్డీ లేని అప్పు అని ఎలా అంటారో నాకైతే అర్థం కాదు.

పైగా గడువు లెక్క కొన్న జనవరి నుంచే మొదలవుతుంది. షీట్లు సరిగ్గా అతుక్కునేది మాత్రం మేలో. ట్రాయ్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత 25 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. షీటు వెనక ఉండే బ్యూటిల్ అనే రబ్బరు జిగురు మెత్తబడి కారు రేకు పెయింటును పట్టుకోవాలంటే 60 అయినా ఉండాలి, 70 ఉంటే మేలు. షీటును ఇంట్లో వెచ్చబెట్టి తీసుకెళ్తే చాలనుకుంటారు. చల్లని రేకుకు తగలగానే ఆ జిగురు బిగుసుకుపోతుంది. ఇక రోలరుతో ఎంత నొక్కినా షీటు పైపొర అల్యూమినియం మీది గళ్లు చదును కావు. పైకి అతికినట్టే కనిపిస్తుంది. జూలై ఎండకు తలుపు కాలగానే అంచులు లేచి, షీటు జారి అద్దం దిగే దారిలో పడుతుంది. అప్పుడు ప్యానెల్ మళ్లీ విప్పాలి, పాత జిగురు గీకాలి, కొత్త షీటు కొనాలి.

వెచ్చబెట్టాల్సింది రేకును. హీట్ గన్‌తో ఒక మూల వేడెక్కేలోగా రెండో మూల చల్లారిపోతుంది. మంచులోంచి వచ్చిన కారును వెచ్చటి చోట పెట్టిన వెంటనే రేకుకు తేమ పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే అది ఆరుతూ రేకును ఇంకా చల్లబరుస్తుంది, తేమ మళ్లీ పడుతుంది. కారు కనీసం రాత్రంతా వెచ్చటి చోట ఉండాలి. తలుపు ప్యానెల్ క్లిప్పులు కూడా చలికి పెళుసుబారి, లాగగానే విరుగుతాయి. మూసిన గ్యారేజీలో ప్రొపేన్ హీటరు మాత్రం వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్ విషం ఒకవైపు, ఆల్కహాల్ ఆవిరికి మంట అంటుకునే ప్రమాదం ఇంకోవైపు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టింది మీ సేవింగ్స్. నెలకు 3,800 ఖర్చున్న ఇంట్లో 4,100 అంటే 32 రోజులు. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే రికార్డు) గడువు వరకు, ఏది ముందైతే అది. అందులో సగం గడిచేసరికి మీ చేతిలో డబ్బు ఉండదు. రెండో నెల అద్దె, కోబ్రా (ఉద్యోగం పోయాక పాత కంపెనీ ఆరోగ్య బీమాను సొంత ఖర్చుతో కొనసాగించే ఏర్పాటు) ప్రీమియం, లీజు మధ్యలో వదిలితే జరిమానా, వెనక్కి రావాల్సి వస్తే ముగ్గురికి టికెట్లు, ఇవన్నీ దేంతో కడతారు? హైదరాబాద్‌లో బ్యాంకు ఆ నెల ఈఎంఐ వదిలేయదు కదా. అప్పుడు క్రెడిట్ కార్డే దిక్కవుతుంది, దాని మీద ఈ 1,200 బాకీ అదనం.

ఇంట్లో ఒక్కరి జీతమే కాబట్టి ముందు అత్యవసర నిధిగా మూడు నెలల ఖర్చు 11,400 పోగేయండి. అది అయ్యాక ఆరు నెలలకు, అంటే 22,800కు తీసుకెళ్లండి. కార్డుకు కడదామనుకున్న 90 జీతం పడిన రోజే ఇందులోకి వెళ్లేలా పెట్టండి. 90తోనే అయ్యే పని కాదు. ట్యాక్స్ రిఫండ్ వస్తే అదీ ఇందులోకే. 401కే అనే రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ తన వంతు జమ చేసేంత (మ్యాచ్) వరకే ఉంచి, పైన వేస్తున్నదేమైనా ఉంటే నిధి నిండేదాకా ఇటు మళ్లించండి. ఈ డబ్బు హై యీల్డ్ సేవింగ్స్‌లో చాలు, షేర్లలో వద్దు.

క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) లోన్‌కు వడ్డీ తక్కువే. కానీ కారు చప్పుడు కోసం అదీ వద్దు. షాపులో వేయించడం మీకు మరీ ఖరీదు.

అంతగా వేయాలనుకుంటే మేలో 36 చదరపు అడుగుల షీట్ల పెట్టె ఒకటి, సాధారణ బ్రాండ్‌ది, 100 డాలర్ల లోపు, నగదుతో కొనండి. పేరున్న బ్రాండ్‌కు రెట్టింపు పెట్టక్కర్లేదు. తలుపు బయటి రేకుకు లోపలివైపు, మధ్యలో 30-40 శాతం కప్పినా రేకు మోత తగ్గుతుంది. అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూయకండి, తుప్పు పడుతుంది. ప్యానెల్ బిగించే ముందు అద్దం పూర్తిగా దించి చూసుకోండి.

ఈ షీటు ఆపేది రేకు అదురును. టైర్ల హోరును పెద్దగా ఆపదు, రోడ్డు చప్పుడులో ఎక్కువ పాలు ఆ హోరుదే. ఇప్పుడు వింటర్ టైర్లు ఉంటే, వసంతంలో అవి మార్చాక ఫ్రీవేపై ఒకసారి నడిపి చూడండి. అప్పటికీ చప్పుడు తగ్గకపోతేనే పెట్టె ఆర్డర్ చేయండి.