ఫోటోఅకూస్టిక్ మైక్రోస్కోపీలో 1 మిల్లీమీటరు దాటి లోపలికి కనపడాలంటే?

ఫోటోఅకూస్టిక్ మైక్రోస్కోపీ అంటే లేజర్ పల్సు తగిలిన చోట పుట్టే అల్ట్రాసౌండ్‌ను పట్టి లోపలి బొమ్మ గీయడం. 532 నానోమీటర్ల లేజర్, 50 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్ (ఆ శబ్దాన్ని పట్టే పరికరం) వాడుతున్నాను, చికెన్ ముక్కలో మిల్లీమీటరు దాటితే ఏమీ రావడం లేదు, లేజర్ పవర్ పెంచితే చాలా అని అడిగారు. చాలదండీ. తిరుపతిలో నేనూ ఇదే సెటప్ మీద రీసెర్చ్ చేస్తున్నాను. కణజాలంలో వెలుతురు లోతుకు పోయేకొద్దీ ఘాతీయంగా తగ్గిపోతుంది, పవర్ రెట్టింపు చేసినా దక్కే లోతు కొంచెమే. పైగా 532 దగ్గర చర్మం మీద పల్సుకు చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీజౌళ్లు దాటకూడదు. రేపు మనుషుల మీద చూడాలంటే ఆ దారి మూసుకున్నట్టే.

అసలు ఫోకస్ దేనితో చేస్తున్నారు? ఆబ్జెక్టివ్ లెన్స్‌తో అయితే మీకు వచ్చిన మిల్లీమీటరే దాని హద్దు. అక్కడికి వెళ్లేసరికి కాంతి చెదిరిపోయి ఫోకస్ నిలవదు. వెలుతురును వెడల్పుగా పరిచి, ఫోకస్ పని అల్ట్రాసౌండ్‌కే వదిలేయండి. కణజాలంలో శబ్దం కాంతి అంతగా చెదరదు. ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్త లిహాంగ్ వాంగ్ బృందం కాంతిని రింగులా పంపి, 50 మెగాహెర్ట్జ్‌తోనే సుమారు 3 మిల్లీమీటర్ల దాకా చూసింది. రింగు వల్ల పైపొర నుంచి వచ్చే సిగ్నల్ కూడా తగ్గుతుంది. కాకపోతే అడ్డంగా రిజల్యూషన్ (విడిగా కనపడే అతి చిన్న దూరం) 45 మైక్రాన్లంత ముతకవుతుంది, సన్నటి కేశనాళికల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇవన్నీ మార్చేముందు, ముక్క నుంచి ట్రాన్స్‌డ్యూసర్‌కు శబ్దాన్ని చేరవేసే నీళ్ల తొట్టి చూడండి. మా దగ్గర బోరు నీళ్లు నేరుగా పోస్తే కాసేపటికి తొట్టి అడుగున ఉన్న పల్చటి పొర మీద ఆవగింజలంత బుడగలు పడతాయి. గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ దాదాపు మొత్తం వెనక్కి కొట్టేస్తుంది, లోతు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. నీళ్లు కాచి, చల్లార్చి, తొట్టి గోడ వెంబడి మెల్లగా పోయండి. మిగిలిన బుడగలను సిరంజితో లాగేయండి. ఎండాకాలంలో ఏసీ ఆగితే ఇంకో తంటా, శబ్దం చేరే సమయాన్ని బట్టే కదా లోతు లెక్కిస్తాం. నీటిలో శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 1482 మీటర్లు, 30 దగ్గర 1509. సెంటీమీటరు నీటికే లోతు లెక్క దాదాపు 0.2 మిల్లీమీటర్లు తప్పుతుంది.

లోతు కొలవడానికి నల్ల సూదిని ముక్కలోకి ఏటవాలుగా గుచ్చి ఒక్క బీ-స్కాన్ (నిలువుగా కోసినట్టు కనపడే బొమ్మ) తీయండి. సూది ఎక్కడ మాయమైతే అదే మీ లోతు. ముక్క మాత్రం ఆ పూట కొట్టిందే కావాలి. మా షాపాయన కూరకా, ప్రయోగానికా అని అడిగి మరీ కొడతాడు!

ఒకే చోట సిగ్నల్‌ను మళ్లీ మళ్లీ తీసుకుని సగటు కట్టినా లాభమే, 100 సార్లు తీస్తే నాయిస్ పదో వంతవుతుంది, కానీ స్కాన్ టైమ్ పెరిగిపోతుంది. 3 మిల్లీమీటర్లూ చాలకపోతే తక్కువ ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌డ్యూసరే గతి, కాకపోతే రిజల్యూషన్ ఇంకా ముతకవుతుంది. అది కొనే ముందు ఎంత సన్నటి నాళం కనపడాలో మీ గైడ్‌తో తేల్చుకోండి.