పర్ఫెక్ట్‌గా లేకపోతే పంపబుద్ధి కాదు

ప్రశ్న: మేడమ్, రెండు లైన్ల మెయిల్‌కి నాకు అరగంట పడుతుంది, రాస్తా, కొట్టేస్తా, మళ్లీ రాస్తా, చివరికి రేపు చూద్దాంలే అని వదిలేస్తా. ఇది బద్ధకమా?

జవాబు: బద్ధకం కాదండీ, భయం. పని బాగా చేయాలనుకోవడం వేరు, చిన్న తప్పు దొర్లితే నేనే పనికిరాను అనుకోవడం వేరు, పర్ఫెక్షనిజంతో చిక్కంతా ఈ రెండోదాంతోనే. 1991లో హెవిట్, ఫ్లెట్ అనే సైకాలజిస్టులు దీన్ని మూడు రకాలుగా చెప్పారు, మన మీద మనం పెట్టుకునేది, ఎదుటివాళ్ల మీద రుద్దేది, అందరూ నా నుంచి ఇదే ఆశిస్తున్నారని మనం అనుకునేది. మనిషిని బాగా నలిపేసేది ఆ మూడోదే (నాకూ కొంచెం ఉందిలెండి, ఈ జవాబే నాలుగుసార్లు దిద్దా). ఈసారి ఒక్కసారే చదివి సెండ్ నొక్కేయండి, కామా తప్పినా సరే, అవతలివాళ్లు అసలు గమనిస్తారో లేదో చూడండి. నిద్ర కూడా పట్టట్లేదంటే మాత్రం కౌన్సెలర్‌ని కలవండి.