తోటివారు కట్టిన బాణీ విన్నాక ఏం చెప్పాలి?

మిత్రులు నలుగురైదుగురు తీరిక వేళల్లో లలితగీతాలకు బాణీలు కడుతున్నారనీ, లోపం చెబితే కట్టినవారు నొచ్చుకుంటున్నారనీ, చెప్పకపోతే ఎవరి పాటా మెరుగుపడడం లేదనీ మీరు రాశారు. కాకినాడలో మేము ఎనిమిది మందిమి పదకొండేళ్లుగా నెలకొక ఆదివారం కూర్చుని ఇదే పని చేస్తున్నాం. ఈ చిక్కు మేమూ పడ్డాం కనుక, మాకు పనికివచ్చిన పద్ధతిని చెబుతాను.

మొదటి రెండేళ్లూ ఎవరు ఏం వినిపించినా "చాలా బాగుంది" అనేవాళ్లం, అదే మర్యాద అనుకునేవాళ్లం. మాలో ఒక ఉపాధ్యాయులు గోదావరిలో సాగే పడవను పిలుస్తూ గీతం రాసి, మోహన రాగంలో వరస కట్టారు. పల్లవిలో "పడవా" అన్న పిలుపులోని మొదటి అక్షరాన్ని ఆయన సాగదీయడంతో అది "పాడవా" అని వినిపించేది. మాకందరికీ అలాగే వినిపించింది, ఒక్కరమూ నోరు విప్పలేదు. ఆయన దాన్ని ఒక ఉగాది సభలో పాడినప్పుడు, ఎవరినో పాడమని బతిమాలే పాట అనుకున్నారు శ్రోతలు. "మీరందరూ ముందే విన్నారు కదా, ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు?" అని ఆయన అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. సాగును "ప" మీద నుంచి, ఎలాగూ దీర్ఘమే ఉన్న "వా" మీదికి జరిపితే సరిపోయేది. అంత చిన్న మార్పును చెప్పకుండా దాచి మేము ఆయనకు చేసినది అన్యాయమేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. పాట విన్న వెంటనే ఎవరూ అభిప్రాయం చెప్పరు. విన్నవారిలో ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు, తమకు గుర్తున్నంత మేరకు పల్లవిని తిరిగి పాడతారు, కట్టినవారు మాట్లాడకుండా వింటారు. ఒక్కసారి విన్నంత మాత్రాన ఎదుటివారి గొంతులో నిలిచిపోయిన సంగతి ఏదైనా ఉంటే, కట్టినవారికి అంతకు మించిన మెప్పు అక్కర్లేదు. తిరిగి పాడేవారు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ ఊపిరి చాలక ఆగారో, ఎక్కడ తెలియకుండానే పాత పాట దారిలోకి జారిపోయారో అక్కడ బాణీలో చూడవలసినది ఏదో ఉందన్నమాట. చాలాసార్లు కట్టినవారే "అక్కడ నేను మార్చాలి" అంటారు. తనంతట తాను పట్టుకున్న లోపం ఎవరినీ నొప్పించదు.

"ఇది ఫలానా పాటలా ఉంది" అన్న మాట విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. ఈ బృందం ఏర్పడక ముందు నా తొలి బాణీ విని ఒక పెద్దాయన నలుగురిలో ఆ మాటే అన్నారు, రెండేళ్లు నేను హార్మోనియం ముట్టలేదు. మోహనంలో ఉన్నవే స, రి, గ, ప, ద అనే అయిదు స్వరాలు. "గ ప ద స" అని పైకి ఎక్కే ప్రయోగం రాగానికి చెందినది, ఏ ఒక్క పాట సొత్తూ కాదు. ఎత్తుగడ, లయ, పాదం ముగిసే తీరు మూడూ ఒకే పాటతో కలిస్తేనే మేము ఆ మాట ఎత్తుతాం. అదీ ఆ మనిషితో విడిగా, ఏ పాటలో ఏ చోటో చెప్పి.

లోపం చెప్పవలసి వచ్చినప్పుడు చోటు చూపించండి. మాలో ఒక అమ్మాయి ముత్యాలసరంలో ఉన్న కవితను ఎనిమిది లెక్కల ఆదితాళంలో కట్టి తెచ్చింది. 1910 నాటి గురజాడ ప్రయోగంతో మనకు అలవాటైన ఆ ఛందస్సు మూడు, నాలుగు మాత్రల జంటలుగా నడుస్తుంది. ఆ ఏడు మాత్రల నడకను ఎనిమిదిలో కూర్చడంతో మాటలు మధ్యలో విరిగాయి. "లయ కుదరలేదు" అని ఉంటే ఆమెకు ఏమీ తెలిసేది కాదు. రెండో పాదంలో మాట ఎక్కడ తెగుతోందో చూపించి, అదే పాదాన్ని ఏడు లెక్కల తాళమైన మిశ్రచాపులో ఒకసారి పాడి వినిపించాం. దానిని దిద్దుబాటు అనకుండా పాఠాంతరం అన్నాం. త్యాగరాజ కృతులు ఆయన శిష్య పరంపరల్లోనే వాలాజాపేట వారి పాఠంలో ఒకలా, ఉమయాళ్‌పురం వారి పాఠంలో మరొకలా వినిపిస్తున్నా రెండింటినీ గౌరవిస్తున్నాం కదా. ఆమె మా పాఠాంతరాన్ని పూర్తిగా తీసుకోలేదు, చరణానికి మాత్రం మిశ్రచాపు ఉంచి, పల్లవి మాటలనే తిరిగి రాసుకుంది. అది మా సూచన కన్నా మెరుగ్గా ఉంది.

దూరాన ఉన్నవారు ఫోన్లో పంపిన పాటలను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఎందుకంటే ఫోన్ స్పీకరులో కింది స్థాయి ధ్వనులు సరిగా పలకవు. జవాబును రాసి పంపకుండా పాడి పంపితే మరీ మంచిది.

మీ బృందంలో ఈ పద్ధతి మొదలుపెట్టే రోజున ముందుగా మీ సొంత పాటనే వినిపించండి. పల్లవి వరకే చాలు, చరణాలు కూడా తిరిగి పాడమంటే విన్నవారికి జ్ఞాపకం చాలదు.