ప్రశ్నలు – జవాబులు: నిమ్మజాతి పండ్ల పుట్టుపూర్వోత్తరాలు

ప్రశ్న: బత్తాయి, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ వేర్వేరు జాతులని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఇప్పుడు అవన్నీ సంకరాలే అంటున్నారు. జన్యువులు చూసి తల్లి ఏదో తండ్రి ఏదో ఎలా తేలుస్తారు?

జవాబు: రెండు చోట్ల వెతుకుతారు. మొదటిది హరితరేణువు (ఆకుకు పచ్చదనం ఇచ్చే కణభాగం). అందులోని డీఎన్ఏ తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి, అది ఏ జాతిదో చూస్తే తల్లి వంశం తెలిసిపోతుంది. బత్తాయి, పుల్ల నారింజ, గ్రేప్‌ఫ్రూట్, పసుపు లెమన్ నాలుగింట్లోనూ ఉన్నది పంపరపనస హరితరేణువే.

రెండోది కేంద్రకంలోని 18 క్రోమోజోములు. తల్లివి 9, తండ్రివి 9. ఈ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ తేడా ఉందో లెక్కిస్తారు. రెండూ ఒకే జాతివైతే వెయ్యి డీఎన్ఏ అక్షరాలకు సుమారు ఆరుకు మించి తేడాలు ఉండవు, మాదీఫలంలోనైతే (సిట్రాన్) ఒకటే. వేర్వేరు జాతులవైతే ఆ సంఖ్య 15 నుంచి 24 దాకా పోతుంది. అంత ఎడం ఉంది కాబట్టే సంకరం దాగదు.

పుల్ల నారింజలో క్రోమోజోముల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక ప్రతి పంపరపనసది, రెండోది కమలాది (మాండరిన్). అంటే నేరుగా మొదటి తరం సంకరం. బత్తాయి అంత సులువుగా లొంగదు. దాంట్లో కొన్ని భాగాల్లో రెండు ప్రతులూ కమలావే, చాలాచోట్ల చెరొకటి, కొద్దిచోట్ల మాత్రం రెండూ పంపరపనసవే. ఆ కొద్దిచోట్లే అసలు సాక్ష్యం. పంపరపనస–కమలా సంకరాన్ని మళ్లీ శుద్ధమైన కమలాతో కలిపి ఉంటే, ప్రతి చోటా కనీసం ఒక ప్రతి కమలాది అయి తీరాలి. అలా లేదు. కాబట్టి బత్తాయి తల్లిలోనూ తండ్రిలోనూ అప్పటికే పంపరపనస వాటా ఉందన్నమాట.

మిగతావాటి సంగతి తొందరగానే చెప్పొచ్చు. గ్రేప్‌ఫ్రూట్‌కు తల్లి పంపరపనస, తండ్రి బత్తాయి. 18వ శతాబ్దంలో బార్బడోస్‌లో బయటపడింది. పసుపు లెమన్‌కు తల్లి పుల్ల నారింజ. గుండ్రటి పుల్ల నిమ్మకు తల్లి ఫిలిప్పీన్స్‌కు చెందిన మైక్రాంథా అనే అడవి జాతి. అంటు కట్టడానికి వేరుమూలాలుగా వాడే జంబేరి, రంగపూర్ నిమ్మలకు తల్లి కమలా. గ్రేప్‌ఫ్రూట్ పోగా మిగిలిన ఈ నాలుగింటికీ తండ్రి మాత్రం మాదీఫలమే! మాదీఫలం పువ్వు తరచూ విచ్చుకోకముందే తన పుప్పొడితోనే ఫలదీకరణ జరుపుకుంటుంది. అందుకే బయటి పుప్పొడికి అవకాశం తక్కువ, దాని డీఎన్ఏలో వైవిధ్యమూ తక్కువే.

ప్రశ్న: నిమ్మజాతి మొక్కలు మొదట ఎక్కడ పుట్టాయి?

జవాబు: హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతంలో, అంటే తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యున్నాన్ కలిసే నేల మీద. 2018లో ‘నేచర్’ పత్రికలో గువోహాంగ్ వూ బృందం 60 రకాల జీనోములను (మొత్తం డీఎన్ఏలను) పోల్చి, వాటి వెనక 10 అసలు జాతులను గుర్తించింది. సుమారు 80 లక్షల ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడి వాతావరణం పొడిబారిన కాలంలో ఇవి త్వరత్వరగా చీలిపోయాయి. ఆస్ట్రేలియా జాతులు చీలింది ఆ తరువాత, సుమారు 40 లక్షల ఏళ్ల కిందట. యున్నాన్‌లోని లిన్‌త్సాంగ్‌లో దొరికిన ఆకు శిలాజమూ మొదటి కాలానికి సరిపోతుంది. అదే పరిశోధనలో మరో మంచి విషయం తేలింది: పంపరపనస వాటా ఎక్కువున్న కమలా రకాల కాయలు పెద్దవి.

ప్రశ్న: జన్యుపటం (క్రోమోజోముల మీద జన్యువుల స్థానాలు చూపే పటం) తయారీకి రెండు నిమ్మజాతి రకాలను సంకరపరిచాం. మొలకల్లో ఎక్కువ భాగం అచ్చం తల్లిలాగే ఉన్నాయి. పుప్పొడి పనిచేయలేదా?

జవాబు: పుప్పొడి పనిచేసే ఉంటుంది. తప్పు తల్లి ఎంపికలో ఉంది. బత్తాయి, గ్రేప్‌ఫ్రూట్, చాలా కమలాల గింజల్లో అసలు పిండం పక్కనే తల్లి కణజాలం నుంచి కూడా పిండాలు పుడతాయి. అవి తల్లికి నకళ్లు. చాలాసార్లు అవే బలంగా పెరిగి అసలు పిండాన్ని అణిచేస్తాయి. దీనికి కారణం సీఐటీఆర్‌డబ్ల్యూపీ అనే జన్యువు ముందు వచ్చి చేరిన చిన్న డీఎన్ఏ ముక్క అని 2017లో తేలింది. ఒక్క ప్రతిలో ఉన్నా చాలు, ఈ లక్షణం పైకి వస్తుంది.

ఈసారి తల్లిగా ఒకే పిండం ఉండే రకాన్ని తీసుకోండి: పంపరపనస, మాదీఫలం, లేదా క్లెమెంటైన్. అలా కుదరకపోతే తండ్రిగా మూడాకుల నారింజను వాడండి. దాని మూడాకుల గుణం ప్రబలమైనది కాబట్టి, నారుమడిలోనే మూడేసి రేకుల ఆకులు వేసినవి సంకరాలు, ఒంటి ఆకువి నకళ్లు. మిగిలిన సంకరాల విషయంలో, తండ్రిలో మాత్రమే ఉన్న మార్కర్లను (గుర్తుగా పనికొచ్చే డీఎన్ఏ తేడాలను) నాలుగైదు చోట్ల పరీక్షించి, అవి లేని మొలకలను తీసేయండి. నకళ్లు జనాభాలో మిగిలితే క్రోమోజోము ముక్కల మార్పిడి లెక్క తప్పుతుంది, మార్కర్ల మధ్య దూరాలూ తప్పుతాయి. గింజలను కాయ నుంచి తీశాక ఎండనివ్వకండి, మొలకెత్తే శక్తి పోతుంది.

ప్రశ్న: ఎర్ర గుజ్జు బత్తాయి మరో జాతా?

జవాబు: కాదు. బత్తాయే. రూబీ అనే జన్యువు పక్కన ఒక జంగమ డీఎన్ఏ ముక్క (చోటు మారే ముక్క) చేరడం వల్ల ఆ రంగు. ఆ ముక్క చలికి స్పందిస్తుంది కనుక రాత్రులు చల్లబడని చోట గుజ్జు సరిగా ఎర్రబడదు. కోశాక చల్లటి గదిలో నిల్వ ఉంచితే రంగు పెరుగుతుంది.

ప్రశ్న: బత్తాయి ఆకుల నుంచి డీఎన్ఏ తీస్తే గోధుమరంగులో, జిగురుగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: గోధుమరంగు పాలీఫినాల్స్ వల్ల, జిగురు పాలీశాకరైడ్ల వల్ల. ముదురు ఆకుల్లో రెండూ ఎక్కువ, కాబట్టి లేత చిగుళ్లే తీసుకోండి. 100 మిల్లీగ్రాముల ఆకును ద్రవ నత్రజనిలో మెత్తగా నూరి, కరగకముందే వేడి సీటాబ్ (కణపొరలను కరిగించే డిటర్జెంటు) ద్రావణంలో వేయండి. ద్రావణంలో 2 శాతం సీటాబ్, 2 శాతం పీవీపీ (పాలీఫినాల్స్‌ను పట్టి ఉంచే పదార్థం) ఉండాలి. బీటా మెర్కాప్టోఇథనాల్‌ను అప్పటికప్పుడు, పొగగూటిలో (విషవాయువులను బయటికి లాగే పెట్టెలో) మాత్రమే కలపాలి. జిగురు తగ్గాలంటే మామూలుగా వాడే 1.4 మోలార్ ఉప్పును 2 మోలార్‌కు పెంచండి. 65 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచి, 24:1 క్లోరోఫామ్–ఐసోఅమైల్ ఆల్కహాల్‌తో ఒకసారి కాదు, రెండుసార్లు శుద్ధి చేయండి. పై పొరను తీసేటప్పుడు మధ్య తెల్లటి పొరను తాకొద్దు. ఆశపడి చివరి చుక్క దాకా లాగితే మళ్లీ మొదటికే వస్తుంది.

డీఎన్ఏ స్వచ్ఛతను చూపే 260/280 నిష్పత్తి (260, 280 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే తీరు) 1.8 దగ్గర ఉన్నంత మాత్రాన సంతోషించకండి. 260/230 కూడా 2 దరిదాపుల్లో ఉండాలి; జిగురు మిగిలితే తగ్గేది ఇదే. రంగున్న నమూనాతోనే పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు ఎన్నో ప్రతులు తీసే పద్ధతి) చేయక తప్పకపోతే పది రెట్లు పలుచన చేసి చూడండి, ఆటంకపరిచేవి కూడా పలుచబడతాయి. సీక్వెన్సింగ్‌కు (డీఎన్ఏ అక్షరాల వరస చదవడానికి) మాత్రం అది పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే.